ఎవరికీ గుర్తులేని ఆ పాత ఏడుపు సినిమాల్లో ఏముంది?

మీ ప్రశ్న ఇది: అమ్మతో కలిసి ఒక పాత నలుపు తెలుపు సినిమా చూశారు. దాని పేరు కూడా ఎవరూ విని ఉండరు. అందులో ఒక తల్లి, ఎన్నో ఏళ్ళ తర్వాత ఎదురైన కొడుకుతో మాట్లాడుతూ కూడా, తానే తల్లినని చెప్పదు. ఆ చోట అమ్మ కళ్ళు తుడుచుకున్నారు, మీకేమో నవ్వు ఆగలేదు. ఇంత అతి నటన, ఇన్ని కాకతాళీయాలు, చెవులు గింగురుమనే సంగీతం ఉన్న ఈ సినిమాలను కొందరు పనిగట్టుకుని వెతికి మరీ చూస్తారట, వాళ్ళకు వాటిలో ఏం దొరుకుతుంది అని అడిగారు.

ఆ కొందరిలో నేనూ ఒకణ్ణి. ముప్పై ఏళ్ళకు పైగా ఇవే చూస్తున్నాను. అందులో పన్నెండేళ్ళు పాత ఫిల్ము ప్రింట్లను బల్ల మీద రీలు రీలుగా తిప్పి, అతుకులు ఎక్కడున్నాయో, ఏ దృశ్యం పోయిందో రాసిపెట్టడమే నా ఉద్యోగం. కాబట్టి కాస్త పొడుగ్గానే చెబుతాను.

ముందు మీకు నవ్వు వచ్చిన ఆ తల్లీకొడుకుల దృశ్యం దగ్గరే మొదలుపెడదాం, ఎందుకంటే విషయమంతా అక్కడే ఉంది. తల్లికి తెలుసు. మనకు తెలుసు. కొడుక్కి తెలియదు. ఈ మూడు ముక్కల మీద వందల సినిమాలు నిలబడ్డాయి. అలెగ్జాండర్ బిసోన్ అనే ఫ్రెంచి రచయిత 1908లో 'మేడమ్ ఎక్స్' అనే నాటకం రాశాడు. ఇల్లు విడిచి వెళ్ళాల్సి వచ్చిన ఒక స్త్రీ, ఏళ్ళ తరబడి దిగజారి, చివరికి ఒక హత్యకేసులో బోనెక్కుతుంది. తన పేరు చెప్పనంటుంది. ఆమె తరఫున వాదించడానికి కోర్టు ఒక కుర్ర లాయరును పెడుతుంది. అతను ఆమె కొడుకే. అతనికి ఆ సంగతి తెలియదు. అమెరికాలోనే దీన్ని 1916, 1920, 1929, 1937, 1966లలో మళ్ళీ మళ్ళీ సినిమాగా తీశారు. కథ అందరికీ తెలిసిపోయాక కూడా జనం వెళ్ళి చూశారంటే, వాళ్ళు "తర్వాత ఏమవుతుంది?" అనే ఉత్కంఠ కోసం వెళ్ళలేదన్నమాట. ఆ కుర్రాడు "ఈ తల్లి" అంటూ వాదిస్తుంటే బోనులో ఉన్న ఆమె ముఖం చూడటానికి వెళ్ళారు.

ఫ్రాంకో మొరెట్టి అనే ఇటాలియన్ విమర్శకుడు కన్నీళ్ళ గురించి ఒక మంచి పరిశీలన చేశాడు. పాత్రకు అసలు సంగతి తెలిసేసరికి ఇక మార్చడానికి ఏమీ మిగలదు, ఆ క్షణంలోనే మనకు ఏడుపొస్తుంది అంటాడు. నేను బల్ల ముందు కూర్చుని చూసిన సినిమాలన్నిటిలో ఈ మాట నిజమవడం చూశాను. చావుకు జనం ఏడవరు. చచ్చిపోయాక ఉత్తరం తెరిచినప్పుడు ఏడుస్తారు. విడిపోవడానికి ఏడవరు. విడిపోయిన కారణం అబద్ధమని తేలినప్పుడు ఏడుస్తారు. అంటే ఈ సినిమాలు తెలియడానికీ తెలియకపోవడానికీ మధ్య ఉండే దూరాన్ని కొలిచే యంత్రాలు. ఆ దూరాన్ని ఎంత సాగదీయాలి, ఎక్కడ తెంపాలి అన్నదే దర్శకుడి పనితనం. ఇది ఒకసారి పట్టుబడ్డాక కాకతాళీయాలు ఎబ్బెట్టుగా అనిపించవు. రైలు రెండు నిమిషాలు ముందు కదలడం, ఉత్తరం తప్పుడు చేతిలో పడటం ఆ దూరాన్ని సాగదీసే పనిముట్లు.

దీనికి నాకు తెలిసిన అత్యుత్తమ ఉదాహరణ కింగ్ విడోర్ 1937లో తీసిన 'స్టెల్లా డల్లాస్'. ఇది మరీ తెలియని సినిమా కాదు, అయినా చెప్పక తప్పదు. బార్బరా స్టాన్విక్ వేసిన స్టెల్లా మోటు మనిషి, ఒంటినిండా నగలు, గాజులు, గట్టి నవ్వు. కూతురు లారెల్ నాగరికంగా పెరిగిన పిల్ల. రాత్రి రైలు పెట్టెలో తల్లీకూతుళ్ళు పడుకుని ఉండగా, పక్కన కూతురి స్నేహితురాళ్ళు స్టెల్లాను ఎగతాళి చేసుకుంటూ మాట్లాడుకుంటారు. ఆ మాటలు తల్లి విన్నది. కూతురూ విన్నది. అమ్మ వినలేదు కదా అని కూతురు మెల్లగా వచ్చి చూస్తుంది. తల్లి నిద్ర నటిస్తుంది. కూతురు ఆమెను ముద్దు పెట్టుకుని పక్కనే ఒదిగి పడుకుంటుంది. ఒక్క మాట లేదు. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు తెలియనట్టు ఉన్నారు. 'అతి' అని మీరనే సినిమాల్లో ఇంత పొదుపైన దృశ్యాలు ఉంటాయి. చివర్లో కూతురి పెళ్ళి కిటికీ బయట నుంచి, వానలో, గుంపులో నిలబడి చూస్తుంది స్టెల్లా. పోలీసు జనాన్ని కదలమంటుంటే, పెళ్ళికూతురి ముఖం ఒక్కసారి చూసి పోతానని బతిమాలుకుంటుంది. లోపల ఉన్న ఇల్లాలు, అంటే లారెల్ తండ్రి తర్వాత పెళ్ళాడిన ఆమె, కర్టెన్లు వేయొద్దని ముందే చెప్పి ఉంచిందని మనకు తెలుసు. ఎవరో ఒకరు బయట నుంచి చూస్తారని ఆమె ఊహించింది. ఆ తెరిచి ఉంచిన కర్టెన్ల దగ్గర నేను ప్రతిసారీ ఓడిపోతాను.

ఇక 'అతి' సంగతి. ఈ రకం సినిమాలను మెలోడ్రామా అంటారు. ఆ మాటలో మొదటి సగం గ్రీకు 'మెలోస్', అంటే పాట, సంగీతం. రంగస్థలం మీద ఈ రకం నాటకాలకు పెద్ద పేరు తెచ్చినవాడు ఫ్రెంచి నాటకకర్త పిక్సెరెకూర్. 1800లో పారిస్‌లో ఆడిన అతని 'సెలీనా' నాటకంలో ఒక మూగవాడు ఉంటాడు. నాయిక అసలు తండ్రి అతనే. ఆ నిజం తెలిసీ నోటితో చెప్పలేని పరిస్థితి. ఈ కళ పుట్టుకలోనే మూగతనం ఉందని నేననేది అందుకే. ఇంగ్లండులో ఇంకో కారణం తోడైంది. 1737 నాటి లైసెన్సింగ్ చట్టం ప్రకారం మాటలతో కూడిన నాటకం ఆడే హక్కు అనుమతి ఉన్న కొద్ది థియేటర్లకే ఉండేది. మిగతావాళ్ళు సంగీతం, మూకాభినయం, పాటలతో కథ నడపాల్సి వచ్చింది. 1843లో కొత్త చట్టం వచ్చేదాకా అదే పరిస్థితి. మాట మీద ఆంక్ష ఉన్నచోట చెయ్యి, కన్ను, వాద్యం కథ చెప్పడం నేర్చుకున్నాయి. శబ్దం లేని తొలి సినిమాకు అప్పటికే సిద్ధంగా ఉన్న భాష అదే. ఆ నటీనటులు చెయ్యి నుదుటికి ఆనించి వెనక్కి వాలడం చూసి మనం నవ్వుతాం గానీ, దాని వెనక నూరేళ్ళకు పైబడ్డ వ్యాకరణం ఉంది.

ఇక్కడ వృత్తిపరంగా ఒక సంగతి చెప్పాలి. చాలామంది నవ్వుకు కారణం నటన కాదు, కాపీ. మూకీ సినిమాల కెమెరా వేగం సెకనుకు 16 నుంచి 24 ఫ్రేముల (విడి బొమ్మల) దాకా రకరకాలుగా ఉండేది. శబ్దం వచ్చాక 24కి స్థిరపడింది. 16 ఫ్రేముల వేగంతో తీసినదాన్ని 24తో ఆడిస్తే అంతా ఒకటిన్నర రెట్లు వేగంగా కదులుతుంది. మెల్లగా వాలిపోవాల్సిన తల గబుక్కున వాలుతుంది. ఓ అమ్మ పసిబిడ్డ శవం పక్కన కూర్చుని చెయ్యి చాచడం కోడి గింజ పొడిచినట్టు కనిపిస్తుంది. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు. వెయ్యి అడుగుల రీలు సరైన వేగంతో దాదాపు పదిహేడు నిమిషాలు నడవాల్సింది, పదకొండు నిమిషాల్లో అయిపోతుంది. మా బల్ల మీద మోటారు వేగం తగ్గించి, అప్పటిదాకా హాస్యంగా అనిపించిన దృశ్యాన్ని మళ్ళీ చూపిస్తే, పక్కన నిలబడ్డ కొత్త ఉద్యోగులు ఉన్నట్టుండి మౌనమైపోయేవాళ్ళు. రంగుల సినిమాలదీ ఇదే బాధ. 1950 తర్వాత వాడకంలోకి వచ్చిన ఈస్ట్‌మన్ కలర్ ప్రింట్లలో నీలి ఛాయ, పసుపు ముందుగా వెలిసిపోయి సినిమా మొత్తం గులాబీ రంగుకు తిరుగుతుంది. నాయిక నీలం గది నుంచి ఎర్రటి హాల్లోకి నడిచి రావడమే ఆ దృశ్యానికి అర్థమైతే, వెలిసిన ప్రింటులో ఆ అర్థం ఉండదు, డైలాగు ఒక్కటే మిగులుతుంది. డైలాగు ఒక్కదాన్నే పట్టుకుని చూస్తే మెలోడ్రామా నిజంగానే పేలవంగా ఉంటుంది. కాబట్టి మీరు చూసిన కాపీ ఎలాంటిదో ఒకసారి ఆలోచించండి.

డగ్లస్ సర్క్ మీద విమర్శకుల అభిప్రాయం మారడానికి ఒక కారణం ఇదే. జర్మనీ నుంచి వలస వెళ్ళిన ఈయన 1950లలో హాలీవుడ్‌లో తీసిన రంగుల కుటుంబ కథలను అప్పట్లో ఆడవాళ్ళ ఏడుపు సినిమాలని కొట్టిపారేశారు. 1960ల చివర, 70ల మొదట్లో కొందరు కుర్ర విమర్శకులు వాటిలోని అద్దాలు, మెట్లు, కిటికీ చట్రాలు, రంగులు ఏం చేస్తున్నాయో గమనించాక లెక్క మారింది. 1955 నాటి 'ఆల్ దట్ హెవెన్ అలౌస్'లో భర్త పోయిన ఒకావిడ, తాను ప్రేమించిన తోటమాలిని పిల్లల కోసం వదులుకుంటుంది. పండగకు పిల్లలు తల్లికి తోడుగా ఉంటుందని ఒక టీవీ బహుమతిగా తెస్తారు. ఇంకా వెలగని ఆ తెర మీద ఆమె ముఖం ప్రతిబింబంగా కనిపిస్తుంది. పెట్టెలో పెట్టిన మనిషిలా ఉంటుంది. ఆమె ఏమీ అనదు. ఏమీ అనాల్సిన పని లేదు.

రిత్విక్ ఘటక్ 1960లో తీసిన 'మేఘే ఢాకా తారా'లో దీనికి శబ్ద రూపం ఉంది. నీత తాను ప్రేమించినవాడి గదికి వెళ్ళి, అక్కడ మరో స్త్రీ ఉందని గ్రహించి మెట్లు దిగుతుంటే, ఎక్కడా లేని కొరడా దెబ్బ చప్పుడు వినిపిస్తుంది. వాస్తవికతకు అలవాటైన చెవికి అది అతి. నాకు మాత్రం ఆ చప్పుడు లేకపోతే ఆ దృశ్యం అబద్ధమవుతుంది. మనిషి లోపల అలాంటి చప్పుడు అవుతుంది, బయటికి మాత్రం నెమ్మదిగా మెట్లు దిగుతాడు. రెండూ ఒకేసారి చూపించగలిగే పద్ధతి మెలోడ్రామాకే ఉంది.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన భాగానికి వస్తాను. ఈ కథల్లో అసంభవంగా తోచే మలుపుల వెనక చాలాసార్లు ఆనాటి చట్టం ఉంటుంది. ఇటలీలో రఫాయెల్లో మతరాజ్జో అనే దర్శకుడు 1949లో 'కాతేనే' (సంకెళ్ళు) అనే సినిమా తీశాడు. అమెడెయో నజ్జారీ, ఇవోన్ సాన్సన్ జంట. అప్పట్లో మామూలు జనం బతుకును ఉన్నదున్నట్టు చూపిస్తూ వీధుల్లో తీసిన నియోరియలిస్టు సినిమాలను విమర్శకులు నెత్తిన పెట్టుకుంటుంటే, జనం మాత్రం దీనికి విరగబడి వెళ్ళారు. కథ ఇది: రోజా అనే ఇల్లాలిని ఆమె పాత ప్రియుడు బెదిరించి వేధిస్తుంటాడు. భర్త అపార్థం చేసుకుని వాణ్ణి చంపి పరారవుతాడు, తర్వాత పట్టుబడి విచారణకు వస్తాడు. అతన్ని బయటపడేయడానికి లాయరుకు ఒకే దారి కనిపిస్తుంది: తాను నిజంగానే తప్పు చేశానని రోజా కోర్టులో ఒప్పుకోవాలి. ఆమె ఏ తప్పూ చేయలేదు. అయినా నిండు కోర్టులో, భర్త వింటుండగా, చేశానని చెబుతుంది. భర్త విడుదలవుతాడు. ఆమె ఇల్లూ పిల్లలూ పోతాయి.

మొదటిసారి చూసినప్పుడు, ఇదేం లాయరు, ఇదేం ఉపాయం అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఇటలీ శిక్షాస్మృతిలో 587వ అధికరణం అని ఒకటి ఉండేదని. భార్యో, కూతురో, చెల్లెలో అక్రమ సంబంధంలో ఉన్నట్టు తెలిసి ఆవేశంలో చంపితే, దాన్ని 'పరువు' నేరంగా లెక్కగట్టి శిక్ష బాగా తగ్గించేవాళ్ళు. 1981లో గానీ దాన్ని రద్దు చేయలేదు. అంటే ఆ లాయరు సలహా కథకుడి పైత్యం కాదు, ఆ దేశపు చట్టంలో ఉన్న సౌకర్యం. ఒక నిర్దోషి స్త్రీ తన పరువును పారేసుకుంటేనే ఒక హంతకుడు ఇంటికి రాగలడని ఆ చట్టం చెబుతోంది. మతరాజ్జో దాని మీద ఉపన్యాసం ఇవ్వడు. ఇవోన్ సాన్సన్ ముఖం మీద కెమెరా పెట్టి ఊరుకుంటాడు. విడాకుల చట్టం కూడా ఇటలీకి 1970లో గానీ రాలేదు. ఆ సంగతి గుర్తుపెట్టుకుని చూస్తే, ఆనాటి సినిమాల్లో ఆడవాళ్ళు మఠాల్లో చేరడం, మగవాళ్ళు విదేశాలకు పారిపోవడం, చనిపోయాడనుకున్న భర్త తిరిగి రావడం ఎందుకంత తరచుగా జరుగుతాయో అర్థమవుతుంది. బయటికి వేరే తలుపు లేదు.

అదే జంటతో మతరాజ్జో తీసిన 'ఇ ఫిల్యి ది నెస్సూనో' (ఎవరికీ చెందని పిల్లలు, 1951) పాలరాతి గనుల మధ్య నడుస్తుంది. బిడ్డ మంటల్లో పోయాడనుకుని తల్లి సన్యాసిని అవుతుంది. దాని కొనసాగింపుగా 1955లో వచ్చిన దాంట్లో అచ్చం ఆ సన్యాసినిలాగే ఉన్న మరో స్త్రీ నాయకుడికి ఎదురవుతుంది. రెండు పాత్రలూ సాన్సనే వేసింది. కాగితం మీద చదివితే ఎవరైనా పెదవి విరుస్తారు. తెర మీద చూస్తుంటే, పోగొట్టుకున్న మనిషి ముఖాన్ని వీధిలో ఎవరిలోనో చూసి ఉలిక్కిపడ్డ అనుభవం గుర్తొస్తుంది. అది అందరికీ ఉన్నదే, కాకపోతే ఈ సినిమా ఆ ఉలికిపాటును నిజం చేసి కూర్చోబెడుతుంది.

ముగింపుల విషయంలో కూడా ఇలాంటి లోకజ్ఞానం దొరుకుతుంది. విప్లవానికి ముందు రష్యన్ ప్రేక్షకులు విషాదాంతాలను ఎంతగా ఇష్టపడేవాళ్ళంటే, ఒకే సినిమాకు స్వదేశంలో చావు ముగింపు, విదేశాలకు సుఖాంతం విడిగా తీసిన సందర్భాలున్నాయి. యెవ్‌గెనీ బావర్ ఆ కాలపు గొప్ప దర్శకుడు. 1917లో చనిపోయాడు. ఆ తర్వాత సోవియట్ సినిమా వెలుగులో ఆయన పేరు దాదాపు మరుగున పడింది. 1989లో ఇటలీలోని పోర్దెనోనె మూకీ చిత్రోత్సవంలో పాత రష్యన్ సినిమాలను వరుసగా చూపించినప్పుడు గానీ బయటి ప్రపంచానికి ఆయన విలువ తెలియలేదు. ఆయన సినిమాల్లో తెరలు, స్తంభాలు, పూలకుండీల వెనక నుంచి మనుషులు ఎలా కనిపిస్తారో చూడండి. మరోవైపు అమెరికాలో సినిమా కంపెనీలు తమకు తామే పెట్టుకుని 1934 నుంచి గట్టిగా అమలు చేసిన నియమావళి వల్ల తప్పు చేసిన పాత్రకు చివర్లో శిక్ష పడి తీరాలి. అందుకే అక్కడి ముగింపు చాలాసార్లు సినిమా అసలు మనసు కాదు. గంటంపావు పాటు ఒక స్త్రీ తెగువను మురిపెంగా చూపించి, చివరి ఐదు నిమిషాల్లో ఆమెను చంపేస్తారు. ఆ గంటంపావునే నమ్మండి, చివరి ఐదు నిమిషాలను పట్టించుకోకండి.

సరే, మెలోడ్రామా వరకు అర్థమైంది, ఎవరికీ తెలియనివే ఎందుకు అన్నది మీ ప్రశ్నలో రెండో సగం.

ఒక కారణం చెబుతాను. పేరున్న సినిమాకు మనం ఒంటరిగా వెళ్ళం. ఎక్కడ గొప్పగా ఉంటుందో, ఎక్కడ ఏడవాలో ముందే ఎవరో చెప్పి పంపిస్తారు. ఎవరూ వినని సినిమా ముందు కూర్చుంటే మన స్పందన మనదే. అది మామూలు సినిమా అయితే ఇంకా మంచిది. గొప్ప దర్శకుడు తన కాలం కంటే భిన్నంగా ఆలోచిస్తాడు. రెండు మూడు వారాల్లో సినిమా చుట్టేయాల్సిన మామూలు దర్శకుడికి అంత తీరిక ఉండదు, అందరూ నమ్మేదే తీస్తాడు. అందుకే ఆ కాలపు జనం దేనికి భయపడ్డారో, ఎవరి ముందు సిగ్గుపడ్డారో, ఏ రోగానికి వణికారో, ఏ క్షమాపణ కోసం ఎదురుచూశారో ఈ అనామక సినిమాల్లోనే సూటిగా కనిపిస్తుంది. నీరసంగా నడిచే సినిమాలో ఉన్నట్టుండి ఒక దృశ్యం వెలుగుతుంది. ఎవరో నటి, తర్వాత ఎక్కడా కనిపించనిది, నాలుగు నిమిషాలు అద్భుతంగా చేసి వెళ్ళిపోతుంది. ఆ నాలుగు నిమిషాలు చూసినవాళ్ళు ఇప్పుడు లోకంలో ఎంతమంది ఉంటారు? మీరు చూడకపోతే ఒకరు తగ్గుతారు.

ఇందులో అతిశయోక్తి లేదు. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, 1912 నుంచి 1929 వరకు ఆ దేశంలో విడుదలైన దాదాపు 11,000 పూర్తినిడివి మూకీ సినిమాల్లో మొదట విడుదలైన రూపంలో సంపూర్ణంగా మిగిలినవి 14 శాతమే. 1950ల మొదటిదాకా వాడిన నైట్రేట్ ఫిల్ము అంటుకుంటే నీళ్ళలో ముంచినా ఆరదు, మండటానికి కావలసిన ఆక్సిజన్ అందులోనే ఉంటుంది. 1937లో న్యూజెర్సీలోని లిటిల్ ఫెర్రీలో ఒక గోదాము తగలబడి ఫాక్స్ కంపెనీ మూకీ సినిమాల్లో అధికభాగం ఒక్కరోజులో బూడిదైంది. మంటల పాలు కానివి చెత్తబుట్ట పాలయ్యాయి. యుద్ధచిత్రాలు, చారిత్రక చిత్రాలు దాచిన చోట కూడా ఏడుపు సినిమాలు దాచాలని ఎవరికీ తోచలేదు. ఆడవాళ్ళు చూసేవి కదా అన్న చిన్నచూపు భాండాగారాల అల్మరాల దాకా వెళ్ళింది. ఇది నాకు ఇప్పటికీ కోపం తెప్పించే విషయం.

కొన్ని మాత్రం తిరిగొచ్చాయి. ఫ్రాంక్ బోర్జేగి 1929లో తీసిన 'లక్కీ స్టార్' పోయిందనే అనుకున్నారు, దశాబ్దాల తర్వాత నెదర్లాండ్స్‌లోని భాండాగారంలో ప్రింటు దొరికింది. యుద్ధంలో కాళ్ళు పడిపోయి చక్రాల కుర్చీకి అంటిపెట్టుకున్న చార్లెస్ ఫారెల్, మట్టికొట్టుకున్న ముఖంతో జానెట్ గేనర్. ఆమెను వేరేవాడు తీసుకుపోతుంటే అతను మంచులో పడుతూ లేస్తూ వెళ్ళి, చివరికి నడుస్తాడు. వైద్యశాస్త్రం ఒప్పుకోదు. మంచులో అతను ఎన్నిసార్లు పడ్డాడో చూసినవాళ్ళు ఒప్పుకుంటారు. ఆ రోజుల్లోనే బోర్జేగిదే 'ద రివర్' వచ్చింది. దానికి ఇప్పుడు మొదలు లేదు, చివర లేదు, మధ్యలో కూడా ముక్కలు లేవు. స్టిల్ ఫోటోలతో, రాతలతో ఆ ఖాళీలను పూరించారు. చలికి గడ్డకట్టిన నాయకుడి ఒంటిని నాయిక తన ఒంటి వేడితో కాపాడే దృశ్యం మాత్రం మిగిలింది. కొరియాలో కిమ్ కీ యంగ్ 1960లో తీసిన 'ద హౌస్‌మెయిడ్'కు రెండు రీళ్ళు లేవు. 1990లో విదేశాలకు పంపిన పాత ప్రింటులో అవి దొరికాయి, బొమ్మ మీద చేతిరాత సబ్‌టైటిళ్ళతో సహా.

నా ఉద్యోగంలో ఒకసారి పేరు లేని డబ్బా వచ్చింది. తెరిస్తే వెనిగర్ వాసన, అంటే ఎసిటేట్ ఫిల్ము కుళ్ళడం మొదలైందన్నమాట. రెండో రీలు, ఐదో రీలు మాత్రమే ఉన్నాయి. టైటిల్స్ లేవు, సౌండ్ ట్రాక్ పాడైపోయింది. రెండో రీల్లో ఒకావిడ చొక్కా ఇస్త్రీ చేస్తోంది. జేబులో ఉత్తరం తగిలింది. చదివింది. ఏ మడత మీద ఉందో ఆ మడత మీదే మడిచి, జేబులో పెట్టి, ఇస్త్రీ కొనసాగించింది. కాలర్ దగ్గర మాత్రం పెట్టె కాస్త ఎక్కువసేపు ఆగింది. ఐదో రీల్లో ఆమె నల్లబట్టల్లో ఉంది, ఎదురుగా కుర్చీలో మరో యువతి తలదించుకుని కూర్చుంది. మధ్యలో ఏం జరిగిందో నాకు తెలియదు. ఎవరు రాసిన ఉత్తరమో తెలియదు. పద్దెనిమిదేళ్ళయింది. ఆ కాలర్ దగ్గర ఆగిన చెయ్యి మాత్రం, పూర్తిగా చూసిన ఎన్నో గొప్ప సినిమాల కంటే స్పష్టంగా గుర్తుంది.

వీటిలో నాకు మింగుడుపడనివీ ఉన్నాయి. త్యాగం ఎప్పుడూ స్త్రీదే కావడం. పేదరికాన్ని పవిత్రంగా చూపించడం. కష్టాలను ఇటుకల్లా పేర్చుకుంటూ పోయే సినిమాలు కూడా చాలా ఉన్నాయి. గుడ్డితనం, క్షయ, అగ్నిప్రమాదం వరసగా వచ్చి, దేని మీదా కెమెరా నిలవదు. అలాంటివి సగంలో ఆపేస్తాను, మీరూ ఆపేయండి. మంచిదాన్ని గుర్తుపట్టడానికి నాకొక గుర్తుంది. ఏడ్చే మనిషిని కాకుండా, ఏడుపు ఆపుకునే మనిషిని సినిమా ఎంతసేపు చూపిస్తుందో గమనిస్తాను.

మొదలుపెట్టాలంటే 'కాతేనే'తో మొదలుపెట్టండి. కోర్టు దృశ్యానికి ముందు 587వ అధికరణాన్ని గుర్తుచేసుకోండి. తర్వాత 'లక్కీ స్టార్'. వేగం పెంచి చూడొద్దు, ఫోన్ చేతిలో పెట్టుకుని చూడొద్దు, ఎందుకంటే వీటిలో ముఖ్యమైనదంతా మాటలు లేనప్పుడే జరుగుతుంది. తల దించుకుంటే ఆ ఇస్త్రీపెట్టె ఆగిన క్షణం పోయినట్టే. మొదటి పావుగంట నవ్వొస్తే నవ్వండి, అందులో తప్పేం లేదు. ఆ భాష చెవికి ఎక్కడానికి అంత సమయం పడుతుంది.

మీరు నవ్విన ఆ సినిమాను కూడా అమ్మతో ఇంకోసారి చూడండి. ఎందుకు ఏడ్చావని అడగొద్దు, దానికి ఎవరూ సరైన జవాబు చెప్పలేరు. ఏ క్షణంలో కళ్ళు తడిశాయో మాత్రం అడగండి. కొడుకు గదిలోకి వచ్చినప్పుడా, పేరు చెప్పినప్పుడా, తల్లి నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నప్పుడా? ఆ క్షణం దగ్గర ఆపి, అప్పటికి ఎవరికి ఏం తెలుసో, ఎవరికి ఏం తెలియదో ఇద్దరూ కలిసి చూసుకోండి.